తోడేలనుకుని కాల్చానంటే సరిపోతుందా?

అమెరికాలో లా చదివే విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే ఒక కుక్క కేసు ఎదురవుతుంది. పేరు రాన్సన్ వర్సెస్ కిట్నర్. 1889లో ఇల్లినాయిస్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు. పాఠ్యపుస్తకాల్లో అర పేజీకి మించి ఉండదు. కొందరు తోడేళ్ల వేటకు వెళ్లారు. వాళ్లకు కిట్నర్ పెంచుకునే కుక్క కనపడింది. చూడ్డానికి అచ్చం తోడేలులాగే ఉందట. కాల్చారు, అది చచ్చిపోయింది. కిట్నర్ దావా వేస్తే జ్యూరీ 50 డాలర్లు ఇప్పించింది. వేటగాళ్లు అప్పీలుకు వెళ్లి ఒకే మాట పట్టుకున్నారు: మేం తోడేలనే నమ్మాం, ఎవరి కుక్కనో చంపాలని మాకెందుకుంటుంది?

వాళ్లు నిజంగానే అలా నమ్మి ఉండొచ్చని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, మనసులో ఏ దురుద్దేశం లేకపోయినా పొరపాటు వల్ల జరిగిన నష్టం కట్టాల్సిందేనని తేల్చింది. నూట ముప్ఫై ఏళ్లు దాటినా ఆ తీర్పును ఇంకా పాఠంగా చెబుతున్నారంటే, అందులో ఉన్న ప్రశ్న కుక్కతో ఆగిపోయేది కాదు కాబట్టే. తెలియక చేసిన పనికి ఎవరు బాధ్యులు? ఎంతవరకు?

వేటగాడు ట్రిగ్గర్ నొక్కినప్పుడు అతనికి ఒక ఉద్దేశం ఉంది: ఎదురుగా కనిపిస్తున్న ఆ జంతువును చంపాలి. ఆ ఉద్దేశం నెరవేరింది కూడా. గురి తప్పలేదు, తుపాకీ జారలేదు. తప్పింది ఒక్కటే, అదేమిటో పోల్చుకోవడం. సివిల్ చట్టానికి ఉద్దేశం అంటే ఇంతే. నువ్వు చేయాలనుకున్న పని చేశావా లేదా అన్నదే దానికి కావాలి, ఆ పని ఎవరి ఆస్తి మీద పడుతుందో నీకు తెలుసా అన్నది తర్వాతి సంగతి. ఇంగ్లండులో 1681 నాటి బేస్లీ వర్సెస్ క్లార్క్‌సన్ కేసులో ఒకాయన తన గడ్డి కోసుకుంటూ, గట్టు ఎక్కడో సరిగ్గా తెలియక పక్కవాడి గడ్డి కూడా కోసేశాడు. అక్కడా ఇదే జవాబు. కొడవలి ఆడించింది నువ్వే, కావాలనే ఆడించావు, కాబట్టి కట్టు.

దీని పక్కన ఇంకో వేట కేసును పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఇల్లినాయిస్ తీర్పు వచ్చిన రెండేళ్లలోపే ఇంగ్లండులో స్టాన్లీ వర్సెస్ పావెల్ కేసు తేలింది. కొందరు ఫెజంట్ పక్షుల వేటకు వెళ్లారు. ఒకాయన పక్షిని గురిపెట్టి కాల్చాడు. ఒక గుండు ఓక్ చెట్టు కొమ్మకు తగిలి, పక్కకు మళ్లి, వాళ్ల తూటాల సంచి మోస్తున్న మనిషి కంట్లో దిగింది. కాల్చినవాడు ఏ నిర్లక్ష్యమూ చేయలేదని జ్యూరీ చెప్పింది. దాంతో అతను ఒక్క పెన్నీ కూడా కట్టనక్కర్లేదని కోర్టు తేల్చింది.

ఇది వింటే ఎవరికైనా మనసొప్పదు. మనిషి కన్ను పోయినా పరిహారం లేదు, కుక్క చచ్చిపోతే ఉందా! కానీ పొరపాటుకూ ప్రమాదానికీ చట్టం గీసిన గీత ఇక్కడే ఉంది. కొమ్మకు తగిలి మళ్లిన గుండు ఎక్కడికి వెళ్తుందో కాల్చినవాడి చేతిలో లేదు. అది ప్రమాదం. దాంట్లో నిర్లక్ష్యం ఉందా లేదా అని వెతకాలి. తోడేలనుకుని కుక్కను కాల్చినవాడి గుండు మాత్రం సరిగ్గా అతను పంపిన చోటికే వెళ్లింది. అది పొరపాటు. దాంట్లో నిర్లక్ష్యాన్ని విడిగా రుజువు చేయాల్సిన పని లేదు. కోర్టు బయట ఈ రెంటినీ ఒకే మాటతో చెప్పేస్తారు. 'యాక్సిడెంట్‌గా కుక్క చచ్చిపోయింది' అని. కుక్క యజమానికి ఎక్కువ కోపం తెప్పించేది కూడా ఆ మాటే.

ఈ సూత్రం కొంచెం కఠినమే. వేటగాడు ఎంత జాగ్రత్తగా చూసినా, కుక్క ఎంతగా తోడేలును పోలి ఉన్నా, కట్టక తప్పదంటుంది. అయినా దాని వెనక ఉన్న లెక్క మాత్రం న్యాయంగానే తోస్తుంది. అక్కడున్న ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. నష్టం మాత్రం జరిగిపోయింది, ఎవరో ఒకరు భరించాలి. సరదా కోసం తుపాకీ పట్టుకుని అడవికి వెళ్లిందెవరు? కాల్చడమా, ఆగడమా అని తేల్చుకునే వీలు ఎవరికి ఉంది? ఆగి ఉంటే వేటగాడికి పోయేది ఒక తోడేలు. కాల్చడం వల్ల అవతలివాడికి పోయింది ఇంట్లో మనిషిలా తిరిగే ప్రాణి. నిప్పు తెలిసి తొక్కినా తెలియక తొక్కినా కాలుతుందని మన పెద్దలు అనేది తొక్కినవాడి కాలి గురించి. ఇక్కడ తొక్కింది ఒకరు, కాలింది ఇంకొకరికి.

గుంపుగా వెళ్లినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: ఎవరి గుండు తగిలింది? దీనికి కూడా జవాబు వేట కేసులోనే దొరికింది. 1948లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చిన సమ్మర్స్ వర్సెస్ టైస్. ముగ్గురు క్వెయిల్ పక్షుల వేటకు వెళ్లారు. పక్షి లేచింది, ఇద్దరు ఒకేసారి కాల్చారు, మూడోవాడి కంట్లో ఒక గుండు, పెదవిలో ఒకటి దిగాయి. ఇద్దరివీ ఒకే రకం తుపాకులు, ఒకే సైజు గుండ్లు. కంట్లో దిగింది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు నాది కాదని రుజువు చేసుకునే భారం కాల్చినవాళ్ల మీదే ఉంటుందనీ, చేసుకోలేకపోతే ఇద్దరూ కట్టాలనీ కోర్టు అంది. కుక్క విషయంలోనైనా 'వాడి గుండేమో' అని తప్పుకోవడం అంత తేలిక కాదన్నమాట.

ఇంతవరకు చట్టం యజమాని వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. పరిహారం లెక్క దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది.

చట్టం దృష్టిలో కుక్క ఆస్తి. కుర్చీ, సైకిల్, కుక్క అన్నీ ఒకే ఖానాలో ఉంటాయి. ఆస్తి పోతే ఇచ్చేది మార్కెట్ ధర. ఎనిమిదేళ్ల వయసున్న, ఎవరో ఊరికే ఇస్తే తెచ్చి పెంచుకున్న కుక్కకు మార్కెట్లో ఏం ధర పలుకుతుంది? దాదాపు సున్నా. 1889లో కిట్నర్‌కు వచ్చిన 50 డాలర్లు ఆ రోజుల్లో చిన్న మొత్తమేమీ కాదు. ఇవాళ అదే కేసు గెలిచినా చాలామందికి దక్కేది లాయర్ ఫీజులో ఓ మూలకు కూడా రాదు. కుక్క వెంటనే చావకుండా ఆసుపత్రిలో కొన్నాళ్లు కొట్టుకుంటే, ఆ వైద్యం ఖర్చు రాబట్టుకోవడానికి కొన్నిచోట్ల వీలుంది. యజమాని పడ్డ బాధకు మాత్రం ఎక్కువ రాష్ట్రాల్లో పైసా రాదు.

టెక్సస్ సుప్రీంకోర్టు 2013లో ఈ మాట చాలా గట్టిగా చెప్పింది. అక్కడ తుపాకీ లేదు గానీ పొరపాటు ఉంది. పెరట్లోంచి తప్పించుకుపోయిన ఏవరీ అనే కుక్కను ఫోర్ట్‌వర్త్ నగర షెల్టర్‌లో పెట్టారు. యజమాని వచ్చి తీసుకెళ్తాడు, అంతవరకు ఉంచాలని గుర్తు కూడా తగిలించారు. ఒక ఉద్యోగి పొరపాటున దాన్ని చంపేయాల్సిన కుక్కల జాబితాలో చేర్చేసింది. యజమానులు వచ్చేసరికి ఏవరీ లేదు. కుటుంబానికి ఆ కుక్క మీదున్న మమకారానికి వెల కట్టి ఇప్పించాలన్న వాదనను కోర్టు కొట్టేసింది. కుక్కలంటే టెక్సస్ ప్రజలకు ప్రాణమని రాస్తూనే, చట్టం దాన్ని ఆస్తిగానే చూస్తుందని చెప్పింది.

టెనెసీ రాష్ట్రం వేరే దారి పట్టింది. 2000 సంవత్సరంలో టీ-బో అనే కుక్క పేరు మీద ఒక చట్టం చేసి, పెంపుడు కుక్కనో పిల్లినో అన్యాయంగా చంపితే యజమాని బాధకు కూడా పరిహారం ఇవ్వొచ్చని రాసుకుంది. ఇప్పుడు దాని పరిమితి 5,000 డాలర్లు. చిన్న షరతొకటి ఉంది. నిర్లక్ష్యం వల్ల చచ్చిపోయిన కేసుల్లో ఆ ఘటన యజమాని స్థలంలో జరగాలి, లేదంటే కుక్క యజమాని అదుపులో ఉన్నప్పుడైనా జరగాలి. వేటగాడి తూటాకు కుక్కలు బలయ్యేది ఎక్కువగా అడవిలో, గొలుసు విప్పి వదిలినప్పుడు. అంటే యజమానికి అండగా వచ్చిన అరుదైన చట్టం కూడా సరిగ్గా ఈ రకం చావు దగ్గరికి వచ్చేసరికి వాదనకు తావిస్తుంది.

డబ్బు సంగతి ఇలా ఉంటే, శిక్ష సంగతి ఇంకా గజిబిజి. దీనికి మోంటానా రాష్ట్రాన్ని మించిన ఉదాహరణ లేదు. తోడేళ్ల వేటకు లైసెన్సు ఇచ్చే రాష్ట్రం, తోడేలులా కనిపించే హస్కీ, మాలమ్యూట్ జాతుల కుక్కల్ని పెంచుకునే జనం ఉన్న రాష్ట్రం, రెండూ ఒకటే.

2013 నవంబర్‌లో లోలో కనుమ దగ్గర లీ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఒకాయన తన మూడు మాలమ్యూట్ కుక్కలతో మంచులో స్కీయింగ్ చేస్తున్నాడు. కుక్కల మెడలకు వెలిగే కాలర్లు కూడా వేశాడు. ఒక వేటగాడు అందులో ఒకదాన్ని తోడేలనుకుని కాల్చాడు. ఆపమని తాను అరుస్తున్నా తూటాలు ఆగలేదన్నది యజమాని మాట. కాల్చినవాడి మీద క్రిమినల్ కేసు నడవలేదు. అది తోడేళ్ల సీజన్, అతను తోడేలునే వేటాడుతున్నాననుకున్నాడు. ఆ రాష్ట్రంలో చాలామందికి అప్పట్లో అర్థం కాని సంగతి ఇదే: కళ్ల ముందు కుక్కను చంపితే ఒక్క సెక్షనూ వర్తించదా?

2022 సెప్టెంబర్‌లో అదే రాష్ట్రంలో ఫ్లాట్‌హెడ్ జాతీయ అడవిలో ఇంకోటి జరిగింది. ఎవరో పదికి పైగా హస్కీ జాతి కుక్కల్ని అడవిలో వదిలేసి పోయారు. ఒక వేటగత్తె వాటిలో ఒకదాన్ని తోడేలు పిల్ల అనుకుని చంపింది, చర్మం ఒలిచింది, ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఫొటో చూసిన ప్రతివాడూ అది హస్కీ అని గుర్తుపట్టాడు. ఈసారి జంతుహింస కింద కేసు పెట్టారు.

రెండు ఘటనలకూ ఇంత తేడా ఎందుకు వచ్చింది? మోంటానా జంతుహింస చట్టంలో తెలిసి చేసినా, నిర్లక్ష్యంతో చేసినా నేరమేనన్న మాటలున్నాయి. కాబట్టి పొరపాటున చేశానంటే చాలదు, ఆ పొరపాటు నిర్లక్ష్యం వల్ల వచ్చిందా అని అడగాలి. 2022లో దానికి జవాబు ఫొటోలోనే ఉంది. చర్మం ఒలిచేంత దగ్గరికి వెళ్లి కూడా అది కుక్క అని తెలుసుకోకపోవడాన్ని జనం నమ్మలేదు. మంచులో వేట మధ్యలో కాల్చినవాడి విషయంలో అంత తేలిగ్గా తేలదు. కానీ నా ఉద్దేశంలో 2013 ఘటన కూడా కోర్టు దాకా వెళ్లాల్సిందే. పక్కన మనిషి ఉన్నాడు, కుక్క మెడలో దీపం వెలుగుతోంది. తోడేళ్ల మెడలో దీపాలుండవు.

ఇదే మోంటానాలో సరిగ్గా తలకిందులైన కేసు కూడా ఉంది. 1995లో, తోడేళ్లు అక్కడ ఇంకా చట్టరక్షణలో ఉన్న రోజుల్లో, కెనడా నుంచి 14 తోడేళ్లను తెచ్చి యెల్లోస్టోన్ పార్కులో వదిలారు. ఆ ఏప్రిల్‌లోనే వాటిలో పదో నంబరు తోడేలును రెడ్‌లాడ్జ్ ఊరి దగ్గర ఒకతను కాల్చేశాడు. అతను చెప్పిన కారణం: తోడేలని తెలియదు, ఊరకుక్క అనుకున్నా. చర్మం, తల మాత్రం ఇంటికి తీసుకెళ్లాడు. కోర్టు శిక్ష వేసింది. అప్పీలు కోర్టు 1998లో దాన్ని సమర్థిస్తూ, చంపే జంతువు ఏ జాతిదో నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయనక్కర్లేదని చెప్పింది. ఆ తర్వాత అమెరికా న్యాయశాఖ తనంతట తానే ఒక అడుగు వెనక్కి వేసింది. జంతువు ఏదో తెలిసే చంపాడని చూపగలిగితేనే ఇలాంటి కేసులు పెడతామని నిర్ణయించుకుంది. ఆ నిందితుడి పేరు మీదే దాన్ని మెకిట్రిక్ విధానం అంటారు. అంతరించే జాతుల్ని కాపాడాలనుకునే సంస్థలు దీని మీద చాలా ఏళ్లుగా పోరాడుతున్నాయి. వాళ్ల వాదనలో పస ఉంది. కాల్చేముందు సరిగ్గా చూడనివాడికి ఆ విధానం లాభం, బాగా చూసి ఆగినవాడికి ఏ లాభమూ లేదు.

ఒకే రాష్ట్రంలో ఒకరు కుక్క అనుకుని తోడేలును, ఇంకొకరు తోడేలనుకుని కుక్కను కాల్చారు. ఇద్దరి సంజాయిషీ ఒకటే. దాన్ని మొదటి మాటగా తీసుకుని అక్కడి నుంచి విచారణ మొదలుపెట్టాలా, చివరి మాటగా తీసుకుని ఫైలు మూసేయాలా అన్న దగ్గరే చట్టాలు వేర్వేరు దారులు పడుతున్నాయి.

నిజానికి తోడేలుకూ హస్కీకీ తేడా కనిపెట్టడం వేటగాడికి మరీ కష్టమేమీ కాదు. ఎదిగిన బూడిదరంగు తోడేలు కాళ్లు పొడుగ్గా, ఛాతీ సన్నగా, పాదాలు పెద్దగా ఉంటాయి. తోక కిందికి వేలాడుతుంది. హస్కీ, మాలమ్యూట్ తోకలు వీపు మీదికి చుట్టుకుంటాయి. హస్కీ బరువు 16 నుంచి 27 కిలోల మధ్య ఉంటే, ఉత్తర రాకీ పర్వతాల్లో ఎదిగిన తోడేలు మామూలుగా 35 కిలోలకు పైనే. నడక వేరు, ముఖం వేరు. కానీ ఈ తేడాలన్నీ తీరిగ్గా చూసేవాడికి. వేటలో జరిగేది ఇంకొకటి. తెల్లవారకముందు నుంచి చలిలో కూర్చున్నవాడి బుర్రలో తోడేలు బొమ్మ ముందే సిద్ధంగా ఉంటుంది. పొదల్లో బూడిదరంగు ఏదో కదిలితే చాలు, మిగతా బొమ్మను కన్ను పూరించేస్తుంది. చెవులు, తోక, మెడలో పట్టీ ఏదీ కనపడదు. చేయి వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది, ఇది ఇప్పుడే పోతుందేమోనన్న టెన్షన్. అలవాటైన వేటగాళ్లకే ఇది జరుగుతుంది, కొత్తవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే వేట శిక్షణలో ఒక చిన్న అలవాటును పదే పదే నూరిపోస్తారు. కనిపించిందేమిటో చూడ్డానికి బైనాక్యులర్ వాడాలి, తుపాకీ మీద బిగించిన స్కోప్ వాడకూడదు. స్కోప్‌లోంచి చూస్తున్నారంటే, అదేమిటో తెలియకముందే దాని మీదికి తుపాకీ ఎత్తేసినట్టు. అక్కడి నుంచి ట్రిగ్గర్‌కు దూరం ఒక వేలి కదలిక. మోంటానాలో నల్ల ఎలుగుబంటి వేటకు లైసెన్సు కావాలంటే ముందుగా ఎలుగుల్ని పోల్చుకునే పరీక్ష పాసవ్వాలి. వేటకు అనుమతి లేని గ్రిజ్లీ ఎలుగుల్ని పొరపాటున కాల్చేస్తున్నారని తెచ్చిన నిబంధన అది. అంటే పోల్చుకోవడం నేర్పించగలిగే విద్యేనని, రానివాడి చేతికి అనుమతి ఇవ్వకూడదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

పోల్చుకోవడమే బాధ్యత అన్న మాటను చట్టంగా రాసుకున్న రాష్ట్రం అమెరికాలోని మెయిన్. దానికి చాలా పెద్ద ధర చెల్లించింది. 1988 నవంబర్‌లో బాంగోర్ పక్కన హెర్మన్ అనే ఊళ్లో, ఇద్దరు కవల పసిపిల్లల తల్లి తన ఇంటి పెరట్లో నిలబడి ఉండగా ఒక వేటగాడు కాల్చి చంపాడు. ఆమె చేతులకు చలికి వేసుకునే తెల్లటి తొడుగులు ఉన్నాయి. అక్కడి జింక తోక అడుగుభాగం తెల్లగా ఉంటుంది, బెదిరినప్పుడు దాన్ని పైకెత్తుతుంది. మొదటి గ్రాండ్ జ్యూరీ అసలు అభియోగమే మోపనంది. తర్వాత విచారణ జరిగి 1990లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. అంతకన్నా విడ్డూరం, వేటగాళ్లకు దూరం నుంచే కనపడే నారింజ రంగు బట్టలు ఆమె వేసుకోకపోవడమే తప్పన్నట్టు చాలామంది మాట్లాడారు. తన పెరట్లో తాను నిలబడటానికి!

1991లో మెయిన్ కొత్త చట్టం తెచ్చింది. తాను వేటాడే అడవి జంతువో పక్షో అదేనని ఆ క్షణంలో ఖాయం చేసుకోకుండా కాల్చకూడదు. పెద్ద జంతువైతే తల, మొండెం కళ్లారా చూసి ఉండాలి. వివేకమున్న వేటగాడు చప్పుడు విని కాల్చడు, రంగు మచ్చ చూసి కాల్చడు, అడవిలో తానొక్కడే ఉన్నాననుకోడు అని చట్టంలోనే వివరంగా రాశారు. ఇది వచ్చింది మనిషి ప్రాణం పోయాక, మనుషుల కోసమే. కానీ ఆ వాక్యాన్ని చదివితే కుక్కకూ సరిపోతుంది: ఖాయం చేసుకోనివాడు కాల్చకూడదు. అక్కడ చట్టం చూసేది కాల్చకముందు ఏం చూశాడన్నది, కాల్చాక ఏం చెప్పాడన్నది పక్కన పెడుతుంది.

మరి కుక్కను వదిలిన యజమాని మాటేమిటి? అతని వాటా అసలే లేదనడం కుదరదు. వేట సీజన్‌లో వేటకు అనుమతి ఉన్న అడవిలోకి తోడేలు పోలికలున్న కుక్కను నారింజ రంగు జాకెట్ లేకుండా, గంట లేకుండా, కేకకు అందనంత దూరం వదలడం మంచిది కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో వారాంతాల్లో కుక్కతో ట్రెయిల్స్‌కి వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం కనుక్కుని బయల్దేరితే చాలు: ఆ అడవిలో ఇప్పుడు ఏ సీజన్ నడుస్తోంది? ఆకులు రాలే కాలంలో చూడ్డానికి బాగుండే అడవులే వేటగాళ్లతో నిండి ఉండేవి కూడా. కుక్క జింకను తరిమితే చాలా రాష్ట్రాల్లో యజమానికి జరిమానా ఉంది. గొర్రెల్ని, పశువుల్ని కరుస్తుంటే పెంపకందారు దాన్ని చంపొచ్చని కూడా చాలాచోట్ల చట్టం ఉంది. అయితే అది కుక్క అని తెలిసి కాల్చినవాడు చెప్పుకోవాల్సిన మాట. తోడేలనుకుని కాల్చినవాడు తర్వాత దాన్ని అరువు తెచ్చుకోవడం దొంగలెక్క. యజమాని అజాగ్రత్త పరిహారాన్ని కొంత తగ్గించవచ్చు. తుపాకీ పట్టినవాడి చూపును మాత్రం అది బాగుచేయదు.

ఇక మన దగ్గరికి వస్తే ఈ ప్రశ్న ఆకారమే మారిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, ముఖ్యంగా 1991 సవరణ తర్వాత, సరదా వేట అన్నదే చట్టప్రకారం లేదు. ఆంధ్రప్రదేశ్‌లోగానీ తెలంగాణలోగానీ 'కుక్కని తెలియదు సార్, జింక అనుకున్నా' అని ఎవరైనా స్టేషన్లో చెప్పారంటే, ఒక తప్పు నుంచి తప్పించుకోబోయి ఇంకా పెద్ద తప్పు నెత్తిన వేసుకున్నట్టే. మన చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, చంపబోవడం కూడా. అసలు పాత భారతీయ శిక్షాస్మృతిలో పొరపాటుకు మినహాయింపు ఉండేది, ఇప్పుడు అది దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 17వ సెక్షన్. కానీ దాని ప్రకారం తాను చేస్తున్నది చట్టం ఒప్పుకునే పని అని మంచి నమ్మకంతో అనుకుని ఉండాలి. మంచి నమ్మకం అంటే తగినంత జాగ్రత్త తీసుకున్నట్టని కూడా అదే చట్టం నిర్వచిస్తుంది. జింకను కాల్చడం చట్టం ఒప్పుకునే పని కాదు కాబట్టి అది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

పంట కాపలా కథ వేరు. ఒడిశా హైకోర్టు 1978 నాటి ఖోరా ఘాసీ కేసులో ఒకతను తన మొక్కజొన్న చేనుకు రాత్రిపూట కాపలా ఉన్నాడు. చేలో ఏదో కదిలింది, ఎలుగనుకుని బాణం వేశాడు. చచ్చిపోయింది మనిషి. కోర్టు అతన్ని విడిచిపెట్టింది. పంటనూ ప్రాణాన్నీ కాపాడుకునే క్రమంలో నిజంగానే ఎలుగనుకున్నాడని నమ్మింది. సరదాకు తుపాకీ పట్టినవాడినీ, ఆకలికి చేను కాసుకునేవాడినీ ఒకే గాటన కట్టకూడదన్న వరకు ఆ తీర్పు సబబే. చీకట్లో కదిలినదాని మీదల్లా బాణం వేయొచ్చని దాన్ని చదువుకుంటే మాత్రం ఊళ్లో రాత్రిపూట చేల మధ్య నడిచేవాడెవడూ మిగలడు.

మన పల్లెల్లో ఇవాళ పెంపుడు కుక్కను అడవి జంతువుగా పొరబడేది కన్ను కాదు, తీగ. వేరుశనగకో మొక్కజొన్నకో అడవి పందుల బెడద పడలేక, చేను చుట్టూ మోకాలి ఎత్తున బైండింగ్ వైరు లాగి, మోటారు స్టార్టరు పెట్టె దగ్గర్నుంచో పైన పోయే లైను నుంచో కరెంటు తగిలిస్తారు. పొద్దుగూకాక పెట్టి, తెల్లారకముందే తీసేస్తారు. కొన్నిచోట్ల పిండిముద్దలోనో మాంసం ముక్కలోనో నాటు బాంబు పెట్టి గట్ల మీద వదులుతారు. తీగ పోల్చుకోదు, బాంబు పోల్చుకోదు. పంది వచ్చినా, యజమాని వెంట పొలానికి వచ్చిన కుక్క వచ్చినా, దూడ వచ్చినా, అర్ధరాత్రి మోటారు వేయడానికి వచ్చిన పక్క రైతు వచ్చినా ఒకటే. మంచిర్యాల జిల్లాలో పులి కూడా ఇలాంటి తీగకే బలైంది.

ఇక్కడ 'పందనుకున్నా' అనడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఆ క్షణంలో అనుకునే మనిషే అక్కడ లేడు. వేటగాడి పొరపాటు కన్నా దీన్ని చట్టం తేలిగ్గా చూడాల్సిన కారణం నాకేమీ కనపడదు, గట్టిగా చూడాల్సిన కారణాలే కనపడుతున్నాయి. సుప్రీంకోర్టు 1963లోనే చెరూబిన్ గ్రెగరీ కేసులో దీని మీద తేల్చింది. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిని ఇరుగుపొరుగు వాడకుండా ఆ దారిలో కరెంటు తీగ పెట్టాడు. పక్కింటావిడ తన ఇంటి మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో అటు వెళ్లి షాక్ తగిలి చచ్చిపోయింది. ఆమె అనుమతి లేకుండా వచ్చిందన్న వాదన నిలవలేదు, శిక్ష ఖాయమైంది. ఎరపెట్టిన బాంబుకైతే ఇంకా పాత తీర్పుంది. 1808లో ఇంగ్లండులో ఒకతను ఘాటైన వాసనొచ్చే మాంసంతో బోనులు పెట్టి పక్కవాళ్ల కుక్కల్ని రప్పించి చంపాడు. నా స్థలంలో నా బోను అన్నాడు. వాసన గట్టు దాటి వెళ్లి కుక్కను లాక్కొచ్చింది కదా అని కోర్టు అతనిదే బాధ్యత అంది.

కుక్కకు సంబంధించినంత వరకు మన చట్టం ఈ మధ్య కాస్త మారింది కూడా. పాత శిక్షాస్మృతిలో చచ్చిపోయిన జంతువు విలువ పది రూపాయలా, యాభై రూపాయలా అని చూసి శిక్ష వేరుగా ఉండేది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఆ ధరల లెక్క తీసేసింది. ఏ జంతువును చంపినా, విషం పెట్టినా, పనికిరాకుండా చేసినా అయిదేళ్ల వరకు జైలు. ఆ నేరం నిలవాలంటే కావాలని చేశాడని చూపాలి, లేదా నష్టం జరిగే అవకాశం ఉందని తెలిసే చేశాడని అయినా చూపాలి. తోడేలనుకున్న వేటగాడి దగ్గర ఆ రెండోది పట్టుకోవడం కష్టం. రోజూ కుక్కలు, దూడలు, మనుషులు తిరిగే గట్టు మీద కరెంటు తీగ లాగినవాడి దగ్గర అంత కష్టమేమీ కాదు. అయినా కుక్క పోయిందని ఊళ్లో ఎవరూ స్టేషన్‌కు వెళ్లరు. తీగ పెట్టినవాడు పక్క చేను రైతే, రేపు నీళ్లకూ దారికీ అతనితోనే పని. పెద్దమనుషుల దగ్గర మాటలయ్యాక వెయ్యో రెండు వేలో చేతిలో పెడతారు. తీగ మాత్రం ఆ రాత్రి మళ్లీ కడతారు.